ఎన్ని ఫీట్లయింది బిడ్డా

పోయిన వారం మా యూనివర్సిటీ ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. మా డిపార్టుమెంటు ల్యాబు గోడకు దాత పేరుతో నల్లరాయి పలక పెట్టిస్తారట. ఆయన పూర్తి పేరు, తండ్రి పేరు, ఒక మంచి ఫోటో మూడు రోజుల్లో పంపాలట. ఫోటోలో కోటు ఉంటే బాగుంటుందని కింద ఎవరో పెన్నుతో రాశారు. చదివితే నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. కోటు సంగతి దేవుడెరుగు, ఆ మనిషి చొక్కాకు ఉండాల్సిన గుండీలన్నీ ఉన్న రోజు నేను చూడలేదు.

ఆయన పోయి ఎనిమిది నెలలవుతోంది. బతికుండగా ఈ పలక మాట మా సారు రెండుసార్లు ఎత్తితే రెండుసార్లూ కండువా దులుపుకుని లేచి వెళ్ళిపోయాడు. "నా పేరు గోడకు ఎక్కిచ్చిన్రంటే ఇగ పైస ఇయ్య" అన్నాడు. అందుకని ఇక్కడ కూడా ఆ పేరు రాయడం లేదు. రాస్తే ఎక్కడున్నా సరే ఫోన్ చేస్తాడు, అదీ పొద్దున ఆరింటికి.

ఆ ఆరింటి ఫోన్ సంగతి ముందు చెప్పాలి. నా పరిశోధన నడిచిన ఐదున్నరేళ్ళలో పండగ లేదు, జ్వరం లేదు, ఆదివారం లేదు, సరిగ్గా ఆరు కొట్టేసరికి నా తలగడ కింద ఫోన్ మోగేది. ఎత్తగానే ఒకటే ప్రశ్న. "ఎన్ని ఫీట్లయింది బిడ్డా?"

అడుగుతున్నది నా థీసిస్ గురించి. ముప్పై ఏళ్ళు బోరు బండి నడిపిన మనిషి. ఆయనకు లోకంలో ఏ పని జరిగినా ఫీట్లలోనే జరగాలి. మొదట్లో ఓపిగ్గా చెప్పేదాన్ని, రెండో చాప్టర్ రాస్తున్నాను తాతా అని. "గదెన్ని ఫీట్లు?" అనేవాడు. కంప్రెషరు మోత పక్కన బతికి బతికి చెవులు సగం పోయాయి కాబట్టి ఆయన మాట్లాడితే అరిచినట్టుండేది, నేను కూడా అరవాల్సి వచ్చేది. హాస్టల్లో మా వరస గదుల వాళ్ళందరికీ నా థీసిస్ ఎన్ని ఫీట్ల దగ్గర ఉందో తెలుసు. నా రూమ్మేట్ ఆయనకు అలారం తాత అని పేరు పెట్టింది.

ఒకసారి విసుగొచ్చి ఫోన్ ఆపి పడుకున్నాను. తొమ్మిదింటికి వాచ్‌మన్ వచ్చి గేటు దగ్గర ఎవరో ముసలాయన ఉన్నాడన్నాడు. రామన్నపేట అవతలి ఊరి నుంచి రెండు బస్సులు మారి నల్లగొండ వచ్చాడు. "ఫోన్ కలుస్తలేదు. పాణం మంచిగ లేదేమో అనుకున్న" అన్నాడు. మంచిగనే ఉన్న అన్నాను. ఉడకబెట్టిన పల్లికాయల సంచి చేతిలో పెట్టి, "గట్లయితే చదువుకో" అని వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. కోప్పడాలో ఏడవాలో తెలియలేదు. కోప్పడటం తేలిక కాబట్టి అదే చేశాను, ఆయన బస్సెక్కాక.

ఆయన మొదటిసారి మా డిపార్టుమెంటుకు వచ్చిన రోజు నేను చదువు మానేయడానికి వెళ్ళాను. ప్రత్యేక రాష్ట్రం వచ్చి మూడేళ్ళో నాలుగేళ్ళో అయింది. నాది మహబూబ్‌నగర్ దగ్గరి పల్లె. మా అమ్మానాయినలు ఏటా మూడు నెలలు ఊళ్ళో, తొమ్మిది నెలలు ఎక్కడెక్కడి కాలువ పనుల్లోనో గడిపినవాళ్ళు. భూగర్భ శాస్త్రంలో పరిశోధనకు సీటైతే వచ్చింది గానీ రావాల్సిన ఫెలోషిప్ ఎనిమిది నెలలైనా రాలేదు. మెస్సువాళ్ళు మర్యాదగానే అడుగుతున్నారు, ఆ మర్యాదే తట్టుకోలేకపోతున్నాను. మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు పని ఉందంటే ట్రంకుపెట్టె సర్దుకుని, మానేస్తున్నానని కాగితం రాసుకుని మా హెడ్డు సారు గది ముందు నిలబడ్డాను.

లోపల కుర్చీలో కూర్చోమంటే కూర్చోకుండా గోడకు ఆనుకుని గొంతుక్కూర్చున్న ఒక మనిషి. పక్కన గోనెసంచి. అటెండరు అది పల్లికాయల సంచి అనుకుని ఎంతకిస్తవని బేరం కూడా చేశాడు. అందులో ఉన్నది దుమ్ము. న్యూస్‌పేపరు పొట్లాలు, ఒక్కో పొట్లానికి దారం, పైన పెన్సిలుతో ఊరి పేరు, రైతు పేరు, లోతు ఎన్ని ఫీట్లు. బోరు వేస్తుంటే కొత్త రాడ్డు ఎక్కించినప్పుడల్లా పైకి లేచే రాతిపిండిని గుప్పెడు తీసి పొట్లం కట్టేవాడట. ఇంకా పది సంచులు ఇంటి దగ్గర ఉన్నాయన్నాడు.

"బోర్లేసి బతికిన సారూ. ఇల్లు కట్టిన, పిల్లల పెండ్లిళ్ళు చేసిన. ఎక్కడ నీళ్ళు పడతయో ఎక్కడ పడవో గీ దుమ్ములనే ఉన్నది. నాకు సదువు రాదు. సదివి చెప్పెటోళ్ళుంటే కర్సు నేను పెట్టుకుంట."

మా సారు మంచివాడే, కానీ దాత అనగానే ఆయనకు ఒకటే తోస్తుంది. "మీ అమ్మానాన్నల పేరు మీద ఒక బంగారు పతకం పెట్టండి. ఏటా ఫస్టు వచ్చినవాళ్ళకు ఇస్తాం, మీ పేరు చదువుతాం" అన్నాడు.

"మా అవ్వ నాయిన పోయి ఇరవై ఏండ్లాయె. ఆళ్ళకు పతకం దేనికి? సదివే పిల్లకు తిండి కావాలె, బస్సు కిరాయి కావాలె, గీ దుమ్ము పరీచ్చ చేపియ్యాలె. గసుంటోళ్ళు ఎవరన్న ఉంటే చెప్పున్రి."

మా సారు గుమ్మంలో ఉన్న నన్ను చూశాడు. నా చేతిలో కాగితమేమిటో ఆయనకు తెలుసు. ముసలాయన కూడా తిరిగాడు గానీ చూసింది నన్ను కాదు, నా చెప్పులను.

"ఎండల తిరుగుతవా?"

"తిరుగుత."

"ఇంగిలీషుల చెప్పవు గద?"

"చెప్ప."

నా ఇంటర్వ్యూ అంతే. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. ఇప్పటికీ ఎక్కడో ఉంది.

అంత సులభంగా దొరికిన సాయానికి ఎంత పెద్ద తలనొప్పి తోడుగా వస్తుందో అప్పుడు తెలియలేదు. ఆరింటి ఫోను ఒకటి. ఆరు నెలలకోసారి వాళ్ళ ఊరి పంచాయతీ ఆఫీసు అరుగు మీద నిలబడి, ఆ ఆరు నెలల్లో ఏం తెలుసుకున్నానో ఊరివాళ్ళకు తెలుగులో చెప్పడం రెండోది. డబ్బు కట్టే చోట కట్టేసేవాడు, ఎంతని నేను అడిగితే వినబడనట్టు చూసేవాడు. చెవుడు ఆయనకు అవసరమైనప్పుడు బాగా ముదిరేది. ల్యాబుకు వచ్చి మైక్రోస్కోపు పక్కన గొంతుక్కూర్చుని, నేను రోజంతా పరీక్షించి తేల్చిన రాయిని వేళ్ళ మధ్య నలిపి, నాలిక్కి ఆనించి, "గిది నల్లసారం రాయి, పొద్దున్నే చెప్తుంటి గద" అనేవాడు. నిజంగానే అదే అయ్యేది. నాకు చిర్రెత్తేది.

మనుషులను కూడా ఫీట్లలోనే కొలిచేవాడు. "మీ సారు అరవై ఫీట్ల మనిషి. మంచిగనే పోస్తడు గని ఎండకాలం నిలువడు" అన్నాడొకసారి. మరి నేనో అని అడిగాను, అడగకుండా ఉండాల్సింది. "నువ్వు ఇంక కేసింగు కాడనే ఉన్నవు" అన్నాడు. బోరు మొదట్లో పైమట్టి కూలకుండా దింపే గొట్టం కేసింగు. అంటే నేనింకా రాయి దాకా కూడా రాలేదన్నమాట.

అసలు దెబ్బ ఏడాది తరువాత తగిలింది. పదకొండు సంచుల పొట్లాలు విప్పి, వరస కట్టి, పరీక్షలు చేయించి, పట్టికలు గీసి మా సారు ముందు పెట్టాను. ఆయన పేజీలు తిప్పి, "ఇందులో నీళ్ళు పడిన బోర్లు ఏవి, పడనివి ఏవి?" అన్నాడు. అది పొట్లం మీద రాసి లేదు. తాతకు గుర్తుంటుందిలే అనుకుని పట్టిక పట్టుకుని ఆ మధ్యాహ్నమే బస్సెక్కాను.

ఇంటి ముందు రేకుల నీడలో ఆయన భార్య కందులు చెరుగుతోంది. నేను అవ్వా అని పిలిచేదాన్ని. ఆయన పక్కనే కూర్చుని ఉన్నాడు.

"తాతా, వీటిల నీళ్ళు పడ్డ బోర్లేవో జర చెప్పు" అన్నాను.

"పడ్డయి ఇందుల ఎందుకుంటయి బిడ్డా?"

నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగాను.

"నీళ్ళు పడ్డంక దుమ్ముతోని ఏం పని? బురద ఎగురుతది, ఆడోళ్ళు బండికి బొట్టు పెడతరు, కోడిని కోస్తరు. గా సంబురంల పొట్లం ఎవలిగ్గావాలె? ఉన్నది గూడ పారబోస్తుంటి. పడలేదనుకో, రైతు అక్కడే నిలవడి సూస్తుంటడు. ఆని మొఖం సూడబుద్ధి గాదు. కిందికి వంగి దుమ్ము ఏరుకుంటుంటి."

పదకొండు సంచుల్లో ఒక్కటంటే ఒక్కటి నీళ్ళు పడిన బోరు లేదు. ఓడినవాళ్ళను మాత్రమే లెక్క పెట్టి, ఎందుకు ఓడారో ఎలా చెబుతాను? పోల్చడానికి రెండో పక్కన ఎవరూ లేరు. నా ఏడాది నీళ్ళలో కూడా కాదు, దుమ్ములో పోసినట్టయింది. ఆయన డబ్బుతోనే అన్నం తింటున్నానని మరిచిపోయి అరిచాను. ముప్పై ఏళ్ళు పొట్లాలు కట్టిన మనిషివి, ఇంకో సంచి పక్కన పెట్టుకుంటే నీ సొమ్మేం పోయేది అన్నాను. ఇగ నాకు ఫోన్ చెయ్యకు అని కూడా అన్నాను.

అవ్వ చేట ఆపి, "నేను సెప్పలే? ముసలోని మాట పట్టుకోకు బిడ్డా అని మొదటి దినమే సెప్పిన" అంది.

ఆయన గోళ్ళ మధ్య ఒక కంది గింజను నొక్కాడు. తరువాత లేచి చెప్పులేసుకున్నాడు. "పడ్డయి ఎక్కడెక్కడున్నయో నాకు యాదికున్నది. సూసొద్దాం పా" అన్నాడు.

ఆ ఎండాకాలమంతా ఆయన మోపెడు వెనక కూర్చున్నాను. ఒక చేతిలో కొలత టేపు, ఒక చేతిలో నీళ్ళ సీసా. రామన్నపేట నుంచి భువనగిరి దాకా ఏ తోవలో ఏ చెలకలో తన బండి ఆగిందో, ఎన్నో రాడ్డుకు నీళ్ళు తగిలాయో, ఆ ఇంట్లో ఏ కూర వండారో కూడా చెప్పేవాడు. నీళ్ళు పడిన బోరు దగ్గరికి పోతున్నామంటే బండి స్పీడు పెరిగేది. మొదటి బోరు ఎండిపోయి ఉంది. మోటరు లోతుకు దించకపోయింటరు, పైపు పగిలి ఉంటది అన్నాడు. రెండోదీ ఎండిపోయింది. మూడోదాని గొట్టంలో ఎవరో రాళ్ళు వేశారు. రెండో వారానికి దారిలో కూరల సంగతులు ఆగిపోయాయి.

ఎండిన ప్రతి బోరు పక్కనా ఒక పాత బావి ఉంది. అందులో సర్కారు తుమ్మలు మొలిచాయి. ఒకచోట ఒక రైతు గట్టు మీద కూర్చుని అంతా చెప్పాడు.

"నువ్వు బోరేసినంక నా బాయి ఎండింది. పోనీ, బోరైతే మూడేండ్లు మంచిగ పోసింది. ఆ తర్వాత పక్కోడు నాకంటే వంద ఫీట్లు లోతుకు ఏపిచ్చిండు. గంతే, నాది ఆగింది."

"ఎవడేసిండు ఆనికి?" అని తాత కోపంగా అడిగాడు.

"నువ్వే గద."

రైతు కోపంగా అనలేదు. గుర్తు చేసినట్టు అన్నాడు. తాత మోపెడు దగ్గరికి నడిచి, స్టాండు తీయకుండానే కిక్కు కొడుతూ నిలబడ్డాడు. నేను వెళ్ళి స్టాండు తీశాను.

అలా నా పరిశోధనకు అసలు సంగతి దొరికింది. రాళ్ళ తేడా కొంత ఉంది, వానల తేడా కొంత ఉంది. కానీ ఆ పల్లెల్లో బావులను తాగింది బోర్లు, బోర్లను తాగింది ఇంకా లోతు బోర్లు. వాటిలో ఎక్కువ భాగం వేసింది నా అన్నం ఖర్చు పెడుతున్న మనిషి. రాసేటప్పుడు చెయ్యి ఆగలేదు, కాగితం ఆయన చదవడు కదా. చెప్పాల్సి వచ్చేసరికి ఆగింది.

అప్పటికి నా జూనియర్ అమ్మాయి ఒకతి చేరింది. నాలాగే ఫెలోషిప్ కోసం ఎదురుచూస్తోంది. ఆమె ఖర్చు కూడా నేనే చూసుకుంటానని తాత మాటిచ్చాడు. ఆరు నెలల గడువు వచ్చింది. పంచాయతీ అరుగు ముందు ఊరు కూర్చుంది, ముందు వరసలో ఆయన గొంతుక్కూర్చున్నాడు. ఊరందరి ముందు ఈయన్ను నిలబెడితే రేపు ఆ పిల్ల గతేమిటి? నేను చార్టు విప్పి, వానలు తక్కువయ్యాయి, అందుకని నీళ్ళు తగ్గాయి అన్నాను. అందరూ తలలూపారు. ఎవరికీ ఏ బాధా లేని మాట.

ఆయన లేచాడు. "గంతేనా?"

"గంతే తాతా."

"వానలు తక్కువైనయని చెప్పనీకి నిన్ను సదివిచ్చుడెందుకు? గది మా బర్రె గూడ చెప్తది."

జనం నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. బస్సు స్టాపు దాకా పక్కనే నడిచాడు. బస్సు దుమ్ము కనబడ్డాక అన్నాడు. "నేను రైతు మొఖం సూడలేక దుమ్ము ఏరిన. నువ్వు నా మొఖం సూడలేక వాన మీద ఏసినవ్. ఇద్దరం ఒక్కటే." 

మరునాడు ఆరింటికి ఫోన్ మోగలేదు. ఆ మరునాడు కూడా. నాలుగో రోజు ఐదున్నరకే మెలకువ వచ్చి ఫోన్ వంక చూస్తూ కూర్చున్నాను. మోగితే ఒక విసుగు, మోగకపోతే పది విసుగులు. ఆదివారం ఎవరికీ చెప్పకుండా ఆ ఊరు వెళ్ళి, సర్పంచిని బతిమాలి జనాన్ని పిలిపించి, అదే అరుగు మీద నిలబడ్డాను. ఆయన ఈసారి వెనక వరసలో ఉన్నాడు.

"పోయినసారి నేను సగమే చెప్పిన. మీ బాయిలు ఎండింది బోర్ల వల్ల. మీ బోర్లు ఎండింది ఇంకింత లోతు బోర్ల వల్ల. గా బోర్లల్ల ఎక్కువ ఏసింది తాత బండే" అన్నాను.

ఆయన మెల్లగా లేచి లుంగీ దులుపుకున్నాడు. "ఇన్నరు గద. నా మీద కోపమున్నోళ్ళు ఇంటికి రాన్రి. పిల్ల పొద్దుట్నించి తిన్నట్టు లేదు, ఎవరన్న ఇంత చాయ పోపియ్యున్రి" అని వెళ్ళిపోయాడు.

మరునాడు సరిగ్గా ఆరింటికి ఫోన్ మోగింది. "ఎన్ని ఫీట్లయింది బిడ్డా?" అని అడిగి, నేను జవాబు చెప్పకముందే, "నిన్న కేసింగు దాటినవ్ తియ్" అన్నాడు. హాస్టలంతా వినబడింది. దుప్పటి ముఖానికి కప్పుకుని ఏడ్చాను.

ఆ తరువాత ఆయన చేసిన పనులకు అందరం తలలు పట్టుకున్నాం. బోరు బండి అమ్మి ఆ డబ్బుతో మా ల్యాబుకు నీటి పరీక్ష యంత్రం కొనిస్తానన్నాడు. కొనడానికి వచ్చిన బోర్లవాళ్ళను మాత్రం తిప్పి పంపాడు. నడిచే బండిని తుక్కు ధరకు, కోసేసేవాళ్ళకే అమ్మాడు. "ఇంకొకడు దాంతోని భూమికి బొక్కలు పెడితే నేను పెట్టినట్టే గద" అన్నాడు. మంచి ధర వస్తే ఇంకో ఇద్దరు పిల్లలు చదువుకునేవాళ్ళు కదా తాతా అని నేను వాదించాను. చెవుడు ముదిరింది.

మా జూనియర్ పనికి ఎవరూ తోడని బోరు ఒకటి కావాల్సి వచ్చింది. ఊరి నడుమ ఉండాలి, అందులో నీళ్ళుండాలి, అయినా మోటరు పెట్టకూడదు. వారం వారం అందులోకి టేపు దింపి నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో ఐదేళ్ళు వరసగా రాయాలి. నీళ్ళున్న బోరును ఏ రైతు వదులుతాడు? ఊరంతా అడిగి చూసి, చివరికి ఆయన తన బోరు లోంచే మోటరు పైకి తీయించాడు. వాళ్ళ వరి మొత్తానికి అదొక్కటే ఆధారం. 

"ఊరోళ్ళ బాయిలు ఎండవెడితివి, ఇప్పుడు మన మడి ఎండవెడతవా? బోరు బండోనికి సదువుల పిచ్చేంది?" అని అవ్వ నెత్తి కొట్టుకుంది. ఇద్దరు కొడుకులు నెల రోజులు మాట్లాడలేదు. నేను కూడా వద్దనే చెప్పాను, అంత మాత్రం న్యాయం నాకూ తెలుసు. ఆయన ఆ మడిలో ఆముదాలు చల్లి ఊరుకున్నాడు. మా టేపు చివర నీళ్ళు తగలగానే కూత పెట్టే పరికరం ఉంటుంది. ఆయనకు ఆ కూత వినబడదు. వేళ్ళు టేపు మీద ఆనించి, మా జూనియర్ ముఖం చూస్తూ, ఆమె తల ఊపగానే "ఎన్ని ఫీట్లు?" అనేవాడు.

పోయిన దసరాకు ముందు, మధ్యాహ్నం తిని పడుకున్నవాడు లేవలేదు. అప్పటికి నేను అదే డిపార్టుమెంటులో కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతున్నాను. పోయి చూశాను. ఎవరో కొత్త చొక్కా తొడిగి గుండీలన్నీ పెట్టారు. అది చూసే నాకు దుఃఖం ఆగలేదు.

పెద్దకొడుకు మర్యాదగానే చెప్పాడు. ఇన్ని దినాలు బాపు మాటకు ఊకున్నం, వచ్చే వానకాలానికి మోటరు దించుకుంటం అక్కా అని. తప్పు పట్టలేను, మూడేళ్ళుగా వాళ్ళింట్లో కొనుక్కున్న బియ్యమే తింటున్నారు. మోటరు దిగితే మా జూనియర్ మూడేళ్ళ కొలతలు అక్కడే తెగిపోతాయి. ఐదేళ్ళ పని మూడేళ్ళ దగ్గర ఆగితే డిగ్రీ రాదు, అప్పటిదాకా రాసినది ఎందుకూ కొరగాదు. ఆ పిల్ల నెల రోజులుగా సరిగా నిద్రపోవడం లేదు. అడగడానికి నాకు నోరు రాదు. అడగగలిగిన ఒక్క మనిషి లేడు.

మొన్న పొద్దున ఆరింటికి ఫోన్ మోగింది. ఆయన నంబరు. ఎనిమిది నెలల తరువాత ఆ పేరు తెర మీద చూసి మంచం మీద లేచి కూర్చున్నాను.

"ఎన్ని ఫీట్లయింది బిడ్డా?"

అవ్వ. ఎప్పుడూ ఫోన్ పట్టుకుని ఎరగదు.

"ఏందవ్వా, గింత పొద్దుగాల?"

"పెద్దోడు గీ ఐతారం మోటరు దించుతనంటుండు, నారు పొయ్యాలెనట. గా బోరుల నీళ్ళు పైకొచ్చినయా, కిందికి పోయినయా? నువ్వు చెప్పు, నేను ఆలోచన చేస్త."

కొలతల పుస్తకం బల్ల మీదే ఉంది. విప్పనక్కర్లేదు, నాకు తెలుసు. పోయిన జూన్ కంటే నీళ్ళు పదిహేను ఫీట్లు కిందికి పోయాయి. ఆ మాట చెబితే, మనం తోడకున్నా పక్కవాళ్ళు తోడేస్తుంటే మనమొక్కరమే ఎందుకు ఎండాలని కొడుకు అంటాడు, న్యాయంగానే అంటాడు. జర పైకే వచ్చినయవ్వా అనే మాట నాలిక చివరి దాకా వచ్చింది. 

"కిందికే పోయినయవ్వా. పదిహేను ఫీట్లు" అన్నాను.

ఫోన్‌లో ఇందాకటి నుంచి వినబడుతున్న చేట చప్పుడు ఆగింది. "మనం తోడకున్న పోయినయా?"

"పోయినయి. సుట్టుముట్టు అందరు తోడుతున్నరు గద."

"గది ఆళ్ళకు తెలుసా?"

"తెల్వదు."

చేట చప్పుడు మళ్ళీ మొదలైంది.

"ఐతారం రా. గా పిల్లను గూడ తోల్కరా, పంచాయితి కాడ ఆమెనే చెప్పనీ. మా పెద్దోణ్ణి ముందల కూసోవెడత. మోటరు సంగతి నేను సూసుకుంట." ఆగి, మళ్ళీ అంది. "జర గట్టిగ చెప్పుమను. వానలు తక్కువైనయని మాత్రం చెప్పొద్దు."

సరే అవ్వా అన్నాను.